పాదరసం పిండిన చేతులు

వెనక గది కిటికీ పక్క నుంచి,
నవంబరు.

వదినగారికి నమస్కారాలు.

మీరెలా ఉన్నారు? మోకాళ్ళ నొప్పి తగ్గిందా, లేక ఇంకా మెట్టుకో తిట్టు తిడుతూనే ఎక్కుతున్నారా? మేడ మీద మీ మరిదిగారి షుగరు ఎలా ఉంది? ఆయన ఒక్కరే పడుకుంటారు కదా, గడియ వేసుకోవద్దని చెప్పండి. రేపు ఏదైనా అయితే తలుపు పగలగొట్టాల్సి వస్తుంది. మీ పిల్లి ఈనిందా? పిల్లల్ని కుట్టు మిషను కింద పడుకోనివ్వకండి, పెడలు కింద తోక పడితే ఇంకేమన్నా ఉందా!

ఇక్కడ మీ అన్నయ్యగారికి, అదే మా ఆయనకి, దగ్గు. ఉత్త దగ్గేనంటారు. ఉత్తదని ఆయనకెవరు చెప్పారు, ఆ దగ్గే వచ్చి చెప్పిందా? నాకు ఎడమ చెవిలో హోరు. కుడి చెవిలో లేదు. ఒక్క చెవిలోనే ఎందుకుందా అని అదో బెంగ.

నాది నాలుగో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. ఫోను చేద్దామనే అనుకున్నాను. ఫోనులో మాటకంటే ముందు ఏడుపు వచ్చేస్తుంది నాకు. అందుకని రాస్తున్నాను.

పోయిన నెల మా అమ్మాయి చిట్టి ఇంట్లో వారం ఉండి వచ్చాను కదా. మీ అబ్బాయి, అదే మా అల్లుడు, పనిమంతుడు. ఆ మాట నేను ఊరందరికీ చెప్పుకుంటాను. పెద్దాసుపత్రి బీపీ మిషన్లన్నీ ఇంటికి తెచ్చి బాగుచేస్తాడంటే చిన్న విషయమా? గాజు గొట్టంలో పాదరసం సరిగ్గా గీత మీద నిలిచేదాకా కన్ను తిప్పడు. కానీ వదినగారూ, ఈసారి అతని చేతులు వణకడం చూశాను. టీ కప్పు ఎత్తితే సాసరు గలగలమంది. మిషన్లు తెచ్చిన మనిషి మీద కారణం లేకుండా కేకలేశాడు. మర్నాడు పక్కింటావిడ పలకరించడానికి వస్తే తలుపు వెనక దాక్కున్నాడు! మగాడు, ముప్పై ఆరేళ్ళవాడు, తలుపు వెనక! నిద్ర లేదు. కళ్ళు లోతుకు పోయాయి.

ఆసుపత్రి స్టోర్సు ఆఫీసరు కూడా చూశాడట. "మీ చేతులు ఇలా ఉంటే రోగుల మిషన్లు మీకు అప్పజెప్పలేను. వేసవిలోగా కుదురుకోకపోతే ఇంకొకరిని చూసుకుంటాం" అన్నాడట. చిట్టి చెప్పి ఏడ్చింది.

అడగడానికి నోరు రావడం లేదు. మా పక్కవీధిలో ఒకాయనకి ఇలాగే వణుకు, ఇలాగే కోపం. చివరికి బీరువాలో సీసాలు దొరికాయి. మన అబ్బాయికి పెళ్ళికి ముందు అలాంటిదేమైనా ఉండేదా? ఉన్నా తప్పు పట్టను. చిట్టిని మాత్రం కొన్నాళ్ళు ఇక్కడికి తెచ్చుకుంటే బాగుండునని ఉంది.

కోపం తెచ్చుకోకండి. మీకు కోపం వస్తుందేమోనని ఉత్తరం రాయకముందు నుంచే భయపడుతున్నాను.

మీ వదిన.

*

కుట్టు మిషను ముందు నుంచి,
నవంబరు చివర.

వదినగారికి,

నా మోకాళ్ళు బాగున్నాయి. మా మరిది బాగున్నాడు, ఆయన నోరు ఇంకా బాగుంది. పిల్లి ఈనింది. అన్నయ్యగారికి దగ్గుమందు ఇప్పించండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నిలబడి చదివాను, కూర్చుంటే కాగితం చింపేస్తానేమోనని.

మా వాడు తాగడు. తాగే ఇంట్లో పుట్టలేదు. వాళ్ళ నాన్న చేసిన పనే చేస్తున్నాడు, ఆయన కూర్చున్న గదిలోనే కూర్చుని. ఈ పని ఏమిటో మీకు తెలియదు, చెబుతాను వినండి. పాత మిషను విప్పితే పాదరసం నల్లగా మకిలి పట్టి ఉంటుంది. కొంత నేల మీద పడుతుంది. ఇంకొకళ్ళైతే పారబోస్తారు. మా ఇంట్లో చుక్క పారేసే అలవాటు లేదు. చీపురుతో చేటలోకి ఎత్తుతాం. మెత్తటి తోలుగుడ్డలో పోసి, మూటకట్టి, చేత్తో పిండుతాం. మకిలి లోపలే ఉండిపోతుంది, తోలులోంచి వెండి చినుకులు గిన్నెలోకి రాలతాయి. చూడముచ్చటగా ఉంటుంది. ఆ పని నా పెళ్ళయిన కొత్తలో మా ఆయన నాకు నేర్పారు. మీ అమ్మాయికి నేను నేర్పాను. చలికాలం వంటగదిలో పొయ్యి పక్కన కూర్చుని పిండితే వేళ్ళు కొంకర్లు పోవు, కిటికీలు మూస్తే గాలికి చుక్కలు దొర్లిపోవు. ఆ కిటుకు కూడా చెప్పాను. మీ అమ్మాయి చేతి ఒడుపు మంచిది, నాకంటే శుభ్రంగా పిండుతుంది. ఆ మెప్పు ఎప్పుడూ దాని ముఖం మీద అనలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, మీరు అడిగిన మాటకి బదులుగా.

అమ్మాయిని తీసుకెళ్ళాలనుకుంటే తీసుకెళ్ళండి. కన్నతల్లి, మిమ్మల్ని ఆపేవాళ్ళెవరు? కానీ "తాగుబోతు ఇంట్లోంచి తెచ్చుకున్నాను" అనే మాట నోట పెట్టుకుని తీసుకెళితే మాత్రం తిరిగి దింపడానికి రాకండి.

అంతే.

*

పొయ్యి దగ్గర పీట మీద నుంచి,
డిసెంబరు.

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం ముట్టలేదు. మీ అన్నయ్యగారు చదివి, "ఆవిడ తిట్టలేదే, తిట్టడానికి ముందు గొంతు సవరించుకుంది అంతే. తిట్లు వెనక వస్తాయి" అన్నారు. మీరు తిట్టండి, పడతాను. ఆ మాట అడిగినందుకు నన్ను నేనే రోజుకి నాలుగుసార్లు తిట్టుకుంటున్నాను. కానీ చదవకుండా పక్కన పెట్టకండి, ఇప్పుడు రాసేది వేరే సంగతి.

నిన్న చిట్టి ఫోను చేసింది. మాటల్లో మాటగా, "అమ్మా, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాను, కళ్ళు కాదు, వేళ్ళే నిలవడం లేదు" అంది. ఎన్నాళ్ళ నుంచే అంటే నవ్వింది. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు. నోట్లో రాగి బిళ్ళ చప్పరిస్తున్నట్టు రుచి. తలనొప్పి. ఊరికే ఏడుపు. గుమ్మంలోకి ఎవరైనా వస్తే గుండె దడ. "ఆయనకి కూడా అంతేనమ్మా" అంది.

వదినగారూ, నా కూతురు తాగదు కదా! సారా వాసనకే వాంతి చేసుకునే పిల్ల. మరి మొగుడికీ పెళ్ళానికీ ఒకే వణుకు ఎలా వచ్చింది? ఒకరి తాగుడు ఇంకొకరి చేతికి అంటుకుంటుందా? ఇద్దరికీ ఒకటే అంటే అది మనుషుల్లో లేదు, ఇంట్లో ఉంది. పొయ్యి గ్యాసు కారుతోందా? నీళ్ళ గొట్టం తుప్పు పట్టిందా? గోడ చెమ్మా? పైకప్పులో ఏదైనా చచ్చి పడి ఉందా? ఎలుకల మందు ఎక్కడైనా పెట్టి మరిచిపోయారా? నాకు తోచినవన్నీ చెబుతుంటే మీ అన్నయ్యగారు, "నీ భయాలన్నీ వరసగా నిలబెడితే రైలుకి సరిపడా పెట్టెలవుతాయి" అన్నారు. అననివ్వండి.

నేను చెబితే వాళ్ళు వినరు. "అమ్మ కంగారుది" అంటారు. నిజమే, ఉరుముకీ భయపడ్డాను, మెరుపుకీ భయపడ్డాను, ఇప్పుడు పిడుగు పడితే నా మాట ఎవరు నమ్ముతారు? మీరంటే వాళ్ళకి భయం. ఇద్దరినీ ఒకే రోజు, ఒకే డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ఒక్కరిని కాదు, ఇద్దరినీ. ఈ ఒక్క పని చేయండి. తరవాత జీవితాంతం నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

అంటే ఫరవాలేదని కాదు. మాట్లాడండి.

మీ వదిన.

*

అదే కుట్టు మిషను ముందు నుంచి,
జనవరి.

వదినగారికి నమస్కారం.

జవాబు ఆలస్యమైంది. కోపంతో కాదు. మీ ఉత్తరంలో సూదీ దారం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

మీకు ఒక సంగతి చెప్పలేదు. పెళ్ళి మాటలప్పుడూ చెప్పలేదు, మొన్న రాసిన ఉత్తరంలోనూ దాచాను. మా ఆయనకి కూడా చేతులు వణికేవి. చివరి రోజుల్లో సంతకం పెట్టలేకపోయారు. కోపం, నిద్ర లేకపోవడం, మనుషుల్ని చూస్తే ముడుచుకుపోవడం. పని పోయింది. అందరూ తాగుడన్నారు. నేను రోజూ వాసన చూసేదాన్ని వదినగారూ, పక్కన పడుకుని. ఒక్కనాడూ రాలేదు. కానీ పెళ్ళాం సాక్ష్యం ఎవరికి కావాలి? ఆయన పోయిన రోజు, వచ్చినవాళ్ళందరి ముందూ మా మరిది, "తాగి తాగి పోయాడు అన్నయ్య" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మీరు మా వాడి గురించి అదే అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో నాకూ చెయ్యి నిలిచేది కాదు. కుట్టు వంకర పోయేది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఉండలేక ఇక్కడికి, మరిది ఇంటి కింది వాటాలోకి వచ్చేశాను. కొన్ని నెలలకి నా కుట్టు మళ్ళీ తిన్నగా వచ్చింది. దుఃఖం తగ్గింది కాబోలు అనుకున్నాను.

మీ ఉత్తరం మడిచి, చెప్పులేసుకుని, నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. "లేవండి" అన్నాను. ఎక్కడికని అడగలేదు ఇద్దరూ. మా మరిది కూడా తగుదునమ్మా అని వెంట వచ్చాడు.

డాక్టరమ్మ పొడుగు మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. ఇద్దరి చేతులూ చాపించి చూసింది. కాగితం మీద నత్తగుల్లలా చుట్టలు గీయమంది. మా వాడి గీత రంపపు పళ్ళలా వచ్చింది. కోడలిదీ అంతే.

"ఏం పని చేస్తారు?" అంది.

"బీపీ మిషన్లు బాగుచేస్తానండీ."

"డాక్టరుగారూ, ముందు రాత్రిపూట ఏం చేస్తాడో అడగండి" అన్నాడు మరిది.

ఆవిడ ఆయన వంక చూడనే లేదు. "పాదరసం శుభ్రం చేసేదెవరు?"

"నేనండీ" అంది కోడలు. "వంటగదిలో. పొయ్యి పక్కన."

"కిటికీలు?"

"మూసేస్తాం. గాలికి చుక్కలు దొర్లిపోతాయని."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. మా మరిది వైపు తిరిగి, "వీళ్ళు తాగడం లేదండీ, పీలుస్తున్నారు" అంది.

అప్పుడు విడమరిచి చెప్పింది. చిన్న చుక్క మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుందట. ఆవిరి అలా కాదట. పాదరసం మామూలు గదిలో కూడా కొంచెం కొంచెం ఆవిరవుతూ ఉంటుంది, పొయ్యి వేడికి ఇంకా ఎక్కువ. రంగు లేదు, వాసన లేదు. ఊపిరితో పాటు నెత్తురులో కలిసి, మెదడుకీ మూత్రపిండాలకీ చేరి అక్కడే తిష్ట వేస్తుందట. చీపురుతో ఊడిస్తే ఒక చుక్క వెయ్యి చుక్కలై నేల పగుళ్ళలోకి పోతుంది. ఆ పగుళ్ళలో మా ఆయన కాలంనాటిది కూడా ఉండి ఉంటుందంది.

నేను అడిగాను, "చేతి వణుకు సరే. కోపం, సిగ్గు, అవి మనిషి గుణాలు కదమ్మా?"

"ఈ జబ్బులో అవీ లక్షణాలేనండీ. స్వభావం మారిందని ఇంట్లోవాళ్ళు బాధపడతారు. మారింది మనిషి కాదు, లోపల చేరిన లోహం వల్ల అలా అవుతుంది."

రక్తం, మూత్రం పరీక్షకి ఇచ్చారు. ఫలితం రావాలి.

ఒక మాట. డాక్టరమ్మ అడిగింది, "ఇద్దరినీ కలిపి తీసుకురమ్మని ఎవరు చెప్పారు? ఇతను ఒక్కడే వచ్చుంటే వేరే నరాల జబ్బు వెతుకుతూ కూర్చునేదాన్ని" అని. "మా వియ్యపురాలు" అన్నాను. "ఆవిడ నర్సా?" అంది. "కాదు, కంగారుమనిషి" అన్నాను.

మీ వదిన.

*

గుమ్మం మెట్టు మీద నుంచి, పోస్టు మనిషి వెళ్ళకముందే,
జనవరి.

వదినగారూ,

ఆరోగ్యాలు తరవాత అడుగుతాను. ముందు ఆ పిల్లలిద్దరినీ ఆ ఇంట్లోంచి బయటికి లాగండి! ఫలితం వచ్చేదాకా ఆగకండి. ఫలితం దారిన ఫలితం వస్తుంది, ఊపిరి మాత్రం క్షణానికోసారి పీల్చాలి కదా! మీ కింది వాటాలో చోటు చాలకపోతే మీ మరిదిగారి మేడ గది అడగండి. ఇవ్వనంటే నాకు ఫోను చేసి ఆయనకివ్వండి. ఏడవకుండా మాట్లాడతాను, ఒట్టు.

నయమవుతుందా? మెదడు దాకా పోయింది అన్నారు, తిరిగి వస్తుందా? ఎముకల్లో దిగిందా? పిల్లలు పుడతారా? మీకు కూడా పరీక్ష చేయించారా? మీరూ పిండారు కదా అన్నేళ్ళు! మీ పిల్లి? అది ఆ ఇంటికి వెళ్ళి నేల నాకుతూ ఉంటుందా?

మీ అన్నయ్యగారికి ఉత్తరం చదివి వినిపించాను. మీ ఆయన గురించి రాసిన చోట ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "పాపం ఆవిడ, అన్నేళ్ళు ఒక్కతే మోసింది" అన్నారు. నేను కూడా అదే అనుకున్నాను. ఆ మాట అడిగి మీ పుండు మీద కారం చల్లాను. తెలియక చల్లాను.

ఒక్క సంగతి మాత్రం నాకు ధైర్యంగా ఉంది. మీ కుట్టు తిన్నగా వచ్చింది అన్నారు కదా. ఇల్లు మారితే చాలు, మందు లేకుండానే వచ్చింది. నేను దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను.

మీ వదిన.

*

మేడ మెట్ల కింద నుంచి (గది వాళ్ళకిచ్చేశాను),
ఫిబ్రవరి.

వదినగారికి నమస్కారం.

వరసగా చెబుతాను, లేకపోతే మీరు చివర్నుంచి చదువుతారు. ఫలితం వచ్చింది. ఇద్దరికీ పాదరసం ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఉంది, అబ్బాయికి ఎక్కువ. నాకూ చూశారు, నాకు లేదు. పిల్లికి చూడలేదు, అది నాకంటే బాగుంది.

నయమవుతుందన్నారు. మాత్రలు ఇచ్చారు, అవి లోపలి లోహాన్ని పట్టుకుని మూత్రంలోంచి బయటికి లాగుతాయట. కొన్నాళ్ళు వేసుకుని, కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ పరీక్ష. కానీ అసలు మందు దూరంగా ఉండటమేనంది డాక్టరమ్మ. నెలలు పడుతుంది, తొందరపెట్టొద్దంది. పిల్లల మాట కూడా అడిగాను. ఒళ్ళు పూర్తిగా శుభ్రపడి, తను చెప్పేదాకా ఆగమంది. ఎముకల మాట అడగడం మరిచిపోయాను, క్షమించండి.

ఆ ఇంటికి మూతులకి తొడుగులు కట్టుకున్న మనుషులు వచ్చారు. చీపురు, చేట, తోలుగుడ్డ, చాప, వంటగది చెక్కలు, అన్నీ డబ్బాల్లో మూసి పట్టుకెళ్ళారు. పలకలు లేపితే కింద వెండి ముత్యాల్లా మెరుస్తూ పడి ఉన్నాయి వదినగారూ. నలభై ఏళ్ళ నుంచి మేము ఒక్క చుక్క పారేయలేదనుకున్నాం. సగం మా కాళ్ళ కిందే ఉంది.

ఇక కష్టం సంగతి. స్టోర్సు ఆఫీసరు దగ్గరికి అబ్బాయి డాక్టరమ్మ రాసిన కాగితం పట్టుకెళ్ళాడు. ఆయన చదివి, "జబ్బయితే జాలి పడతాను. కానీ మిషను జాలితో నడవదు కదా. చెయ్యి చూపించండి, పని తీసుకెళ్ళండి" అన్నాడు. ఆసుపత్రిలో ఇప్పుడు పాదరసం మిషన్లు తీసేసి ముల్లు తిరిగేవి పెడుతున్నారట. గడియారంలా ఉంటాయి. లోపల వెంట్రుకంత స్ప్రింగు. అది సన్నటి పట్టకారుతో అమర్చాలి. పాత పని అయితే వణికే చేత్తో కూడా నెట్టుకొచ్చాడు, ఇది కుదరదు. మే నెలలో పరీక్ష పెడతానన్నాడు.

అబ్బాయి కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. మేడ మీద నుంచి మరిది, "తాగినవాడికి డాక్టరు కాగితం దొరకడం ఎంతసేపు?" అన్నాడు. కోడలు మెట్ల మీద ఆగి పైకి చూసింది. "చిన్నమామగారూ, నేను కూడా తాగుతానంటారా? గట్టిగా అనండి, వీధిలోవాళ్ళకి వినపడాలి" అంది. ఆ పిల్ల గుమ్మంలో మనిషి కనిపిస్తే దడుచుకునేదని మీరే రాశారు! మందు పని చేస్తోందనుకున్నాను.

మీ వదిన.

*

వెనక గది కిటికీ పక్క నుంచి,
ఏప్రిల్.

వదినగారికి,

మీరు, మీ మోకాళ్ళు, మీ కింది వాటాలో కిక్కిరిసిన జనం, అందరూ బాగున్నారని తలుస్తాను. మీ మరిదిగారు కూడా బాగుండాలి, నోరు తప్ప.

చిట్టి వారం వారం ఫోను చేస్తోంది. చిగుళ్ళు మానాయట. నోట్లో రాగి రుచి పోయిందట. "అమ్మా, నిన్న పొద్దున లేచేసరికి తెల్లారిపోయింది" అంది, పండగ కబురు చెప్పినట్టు! నిద్రపోయి లేవడం కూడా కబురే అయింది మన ఇంట్లో. అబ్బాయి పక్క నుంచి, "అత్తయ్యగారూ, మీ చెవి హోరు ఎలా ఉంది?" అని అడిగాడు. ఎవరి ముందుకీ రాని మనిషి తనంతట తను ఫోను తీసుకుని అడిగాడు. హోరు సంగతి మరిచేపోయాను, అది ఉందో పోయిందో కూడా చూసుకోలేదు.

మొన్న ఒక పూటంతా నాకు ఏ బెంగా రాలేదు. సాయంత్రానికి భయమేసింది, నాకేమైనా జబ్బు చేసిందా అని.

మే నెల తలుచుకుంటే మాత్రం నా చేతులే వణుకుతున్నాయి. మీ అన్నయ్యగారు అంటారు, "పరీక్ష అతనిదే, చదువు నువ్వు చదువుతున్నావు" అని. ఒక మాట అడుగుతాను, అతనికి చెప్పకండి. ఒకవేళ చెయ్యి నిలవకపోతే? ఆసుపత్రి పని పోతే? చిట్టిని తీసుకొచ్చేస్తానని ఒకప్పుడు రాశాను. ఇప్పుడు అలా రాయను. ఇద్దరూ రావచ్చు. ముందు గది ఖాళీ చేసి ఉంచాను. వెలుతురు బాగా వస్తుంది, రెండు కిటికీలు. రెండూ తెరిచే ఉంచుతాను.

మీ వదిన.

*

కింది వాటా బల్ల దగ్గర నుంచి,
మే.

వదినగారూ, వదినగారూ!

కూర్చుని చదవండి. ఈసారి చింపాల్సిన అవసరం లేదు.

నిన్న అబ్బాయి వెళ్ళాడు. నేనూ కోడలూ వెంట వెళ్ళాం. వద్దన్నాడు, నేను వినే రకాన్నా? స్టోర్సు గదిలో ఆఫీసరు, డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు. బల్ల మీద కొత్త మిషను, దాని కడుపు విప్పి ఉంది. ఆఫీసరు, "తొందరేమీ లేదు" అన్నాడు. ఆ మాట విన్నప్పుడే ఆయన కూడా మా వాడే గెలవాలని కోరుకుంటున్నాడని నాకు తెలిసింది.

మా వాడు పట్టకారు తీసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. కోడలు మాత్రం చక్కగా ఊపిరి తీసుకుంటూ నిలబడింది. "ఆయనకి వస్తుందత్తయ్యా, ఇంట్లో చూశాను" అంది నా చెవిలో. ఆ స్ప్రింగు కనీకనపడనంత ఉంది. కొసని పట్టి ఎత్తాడు. అది అదరలేదు వదినగారూ. గాలిలో అలా నిలబడింది! తీసుకెళ్ళి గుంటలో కూర్చోబెట్టాడు. మూత బిగించి, పట్టీ తన చేతికే చుట్టుకుని గాలి కొట్టాడు. ముల్లు సాఫీగా లేచి, సాఫీగా దిగి, సున్నా మీద నిలిచింది.

ఒక నర్సు చప్పట్లు కొట్టి నాలుక కరుచుకుంది. ఆఫీసరు ఆ మిషను తన చేతికి కట్టుకుని చూసుకున్నాడు. "నా బీపీ ఎక్కువ చూపిస్తోంది. మిషను సరిగ్గానే ఉంది" అన్నాడు! ఒక్కసారి అందరం నవ్వాం. పని మళ్ళీ మనదే. అంతేకాదు, ఆసుపత్రిలో మిగిలిన పాదరసం మిషన్లన్నీ ఎక్కడెక్కడున్నాయో వెతికి, చుక్క ఒలక్కుండా మూసి పంపించే పని కూడా మా వాడికే ఇచ్చారు. కిటికీలున్న గది, తొడుగులు, అన్నీ ఆసుపత్రే ఇస్తుంది. ఇంటికి ఏదీ తేకూడదని డాక్టరమ్మ షరతు. అడగకముందే కోడలు "తేనివ్వను" అంది.

పోయిన వారం పరీక్షలో ఇద్దరికీ పాదరసం బాగా దిగింది. అబ్బాయికి అలిసిపోయినప్పుడు కొంచెం వణుకు మిగిలింది, అది కూడా పోవచ్చంది డాక్టరమ్మ.

బయటికి వచ్చేటప్పుడు నేను ఆవిడని ఆపి అడిగాను. మా ఆయన సంగతంతా చెప్పి, ఆయనకి కూడా ఇదే అయి ఉంటుందా అని. ఆవిడ వెంటనే అవుననలేదు. "పరీక్ష చేయని మనిషి గురించి ఒట్టేసి చెప్పలేను. కానీ అదే ఇల్లు, అదే పని, అవే లక్షణాలు. నన్నడిగితే పాదరసమేనంటాను. మీరు కావాలంటే ఎవరి ముందైనా చెబుతాను" అంది.

"ఎవరి ముందైనా అక్కర్లేదు, ఒక్కరి ముందు చాలు" అన్నాను.

సాయంత్రం ఆవిడ నిజంగానే వచ్చింది. మరిదిని మేడ మీద నుంచి పిలిపించాను. ఆవిడ చెప్పింది, అతను విన్నాడు. డాక్టరమ్మ వెళ్ళాక, "వదినా, నేను అన్నయ్యని..." అని ఆగిపోయాడు. "పూర్తిచెయ్యి" అన్నాను. జాలిపడలేదు. "తప్పుగా అన్నాను. అందరి ముందూ అన్నాను" అన్నాడు. "అందరి ముందూ అన్నది అందరికీ తిరిగి చెప్పు" అన్నాను. ఈ రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్ళాడు. కొట్టు మనిషికి చెప్పాడు, మంగలికి చెప్పాడు, మా ఆయనతో మాట్లాడటం మానేసిన పాత స్నేహితుడి గుమ్మం దాకా వెళ్ళి చెప్పాడు. మధ్యాహ్నానికి గొంతు పోయి వచ్చాడు. వేడినీళ్ళు కాచి ఇచ్చాను.

మా ఆయన తాగుబోతు కాదు వదినగారూ. ఇది ఈ రోజు ఊరికి తెలిసింది. నాకు ఎప్పుడూ తెలుసు.

మిమ్మల్ని చూడాలని ఉంది. రండి.

మీ వదిన.

*

ముందు గదిలో, రెండు కిటికీల మధ్య నుంచి,
మే చివర.

వదినగారికి,

మీరు, అబ్బాయి, చిట్టి, గొంతు పోయిన మీ మరిదిగారు, పిల్లి, పిల్లిపిల్లలు, అందరూ క్షేమమని ఈసారి అడగకుండానే నమ్ముతున్నాను. నమ్మి చూద్దాం, ఎలా ఉంటుందో.

మీ ఉత్తరం మీ అన్నయ్యగారు చదివారు, నేను విన్నాను. స్ప్రింగు గాలిలో నిలబడిన చోట ఆపమన్నాను. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి చదువుతుంటే పక్కింటివాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. వాళ్ళకి ముల్లు, స్ప్రింగు ఏమీ అర్థం కాలేదు. అయినా "సున్నా మీద నిలిచింది" అనేసరికి అందరూ "హమ్మయ్య" అన్నారు.

మీ ఆయన సంగతి విన్నాక నేను లోపలికి వెళ్ళి కాసేపు కూర్చున్నాను. మీరు ఏడవరని తెలుసు. మీ వాటా కూడా నేనే ఏడ్చేశాను.

మీ అన్నయ్యగారు ఒక తీర్మానం చేశారు. ఇకమీదట నేను దేనికి కంగారుపడినా నవ్వరట. వెంటనే లేచి వెళ్ళి చూసి వస్తారట. నిన్నటి నుంచి పైకప్పు రెండుసార్లు, గ్యాసు మూడుసార్లు చూసి వచ్చారు. పాపం, కాళ్ళు నొప్పులంటున్నారు. ఆ కాళ్ళ నొప్పి ఎందుకో నాకు అనుమానంగా ఉంది.

మేము వస్తున్నాం. జూను పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం బండికి. టిక్కెట్లు తీసేశారు. చిట్టిని తీసుకురావడానికి కాదు, అక్కడే పది రోజులు ఉండటానికి. మీ కింది వాటాలో చోటు లేకపోతే మీ మరిదిగారిని కాస్త జరగమనండి, ఇప్పుడు ఆయన కాదనరు. మీరు స్టేషనుకి రావద్దు, మోకాళ్ళకి ఎండ మంచిది కాదు. సరే, రండి, కానీ నీడలో నిలబడండి. బండి ఆలస్యమైతే కంగారు పడకండి. ఆ పని నేను చూసుకుంటాను.

మీ వదిన.